అణు కరెంటు ఖర్చు ఎవరి ఖాతాలో?

మన వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, సూక్తులు, జోకులు, అమ్మ మీద ఒక గేయం తప్పకుండా ఉంటాయి. వాటి మధ్య కరెంటు మీద వ్యాసం ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. కానీ స్టడీ అవర్ మధ్యలో లైటు పోతే మొదట గోల చేసేది మనమే కదా! ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాడు, కొవ్వొత్తి వెలిగించుకున్నవాడు మర్నాడు ఒకే ప్రశ్నాపత్రం రాయాలి. అందుచేత కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, దాని ఖరీదు ఎంత, ఆ ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు అన్నవి మనకు సంబంధం లేని విషయాలు కావు.

మన హాస్టల్ గోడ మీద ఫొటోలో ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగానే ఎక్కువగా చదువుకున్నాం. ఆయన 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడు. ఆ రోజుల్లో నీటిపారుదల, విద్యుత్తు ఆయన చేతిలోనే ఉండేవి. 1943 అక్టోబరులో యుద్ధానంతర విద్యుత్ అభివృద్ధి మీద జరిగిన సమావేశంలో ఆయన ఒక మూల ప్రశ్న లేవనెత్తారు: అసలు ఈ దేశానికి కరెంటు ఎందుకు? పేదరికం నుంచి జనాన్ని బయటకు తేవాలంటే పరిశ్రమలు కావాలి, పరిశ్రమలకు కరెంటు కావాలి, ఆ కరెంటు చౌకగానూ సమృద్ధిగానూ ఉండాలి అన్నది ఆయన వాదన సారాంశం. ఆ తరువాతి ఏడాదే కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది.

చౌక, సమృద్ధి. ఈ రెండు కొలబద్దలతోనే నేను అణు విద్యుత్తును కొలవదలచుకున్నాను. వాటికి మూడోది ఒకటి కలుపుతున్నాను: నష్టం ఎవరికి? ఈ మూడో ప్రశ్న కూడా ఆయన నేర్పినదే.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు?

2021లో గ్లాస్గో సదస్సులో మన దేశం 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామని మాట ఇచ్చింది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు సాధిస్తామని ప్రకటించింది. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 2025లో మన దేశంలో ఉన్న మొత్తం అణు విద్యుత్ సామర్థ్యం సుమారు 8,800 మెగావాట్లు. దేశంలో తయారయ్యే కరెంటులో దాని వాటా మూడు శాతం దగ్గరే ఉంటుంది. తారాపూర్‌లో మొదటి రియాక్టర్లు నడక మొదలుపెట్టింది 1969లో. అంటే అర్ధ శతాబ్దానికి పైగా నడిచి 8,800 దగ్గరకు చేరినవాళ్ళం, ఇరవై రెండేళ్ళలో లక్షకు చేరుతామంటున్నాం. ఇది చిన్న మాట కాదు.

2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' అనే పేరుతో కొత్త అణు చట్టాన్ని ఆమోదించింది. ఇంతకాలం ప్రభుత్వ రంగానికే పరిమితమైన అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలు రావడానికి తలుపు తెరిచింది.

ఇక మన జిల్లా సంగతి. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ దగ్గర అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఒకటిన్నర దశాబ్దాలకు పైగా నలుగుతోంది. మొదట ఒక అమెరికన్ కంపెనీ రియాక్టర్లు అన్నారు. తరువాత గుజరాత్‌లోని మిఠీ విర్దిలో రావలసిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను కొవ్వాడకు మార్చారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు, అంటే 7,248 మెగావాట్లు. ఇందుకు రెండు వేల ఎకరాలకు పైగా భూమి కావాలన్నారు. మనలో కొందరి బంధువులు ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నారు. కాబట్టి ఇది ఢిల్లీ సంగతి అని వదిలేయలేం.

ముందు బొగ్గు సంగతి చెప్పుకోవాలి

అణు విద్యుత్తును విమర్శించే చాలామంది ఒక విషయం దాటవేస్తారు. ఈ రోజు దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు మూడు వంతులు బొగ్గుదే. అణు విద్యుత్తు వద్దు అని ఊరుకుంటే ఆ ఖాళీలోకి వచ్చేది బొగ్గే కావచ్చు. బొగ్గు పెట్టే బాధ ఏమిటో మన జిల్లాకు ఎవరూ చెప్పనక్కర లేదు. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని జనం ఎదురు తిరిగితే 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. కాకరాపల్లి తంపర భూముల దగ్గర 2011 ఫిబ్రవరి 28న మళ్ళీ కాల్పులు జరిగాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. బొగ్గు తవ్విన చోట ఊళ్ళు లేచిపోతాయి. కాల్చిన చోట బూడిద చెరువులు వెలుస్తాయి. పొగ పీల్చిన చోట ఊపిరితిత్తులు పాడవుతాయి. అణు ప్రమాదం పేపర్లో మొదటి పేజీ వార్త అవుతుంది. బొగ్గు పొగతో ఏటా పోయే ప్రాణాలు ఏ పేజీలోనూ రావు.

వాతావరణం సంగతి సరేసరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు మన కొబ్బరి, జీడి తోటల్ని ఏం చేశాయో చూశాం. సముద్రం వేడెక్కే కొద్దీ తుపాన్లు మరింత బలపడతాయని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. కనుక బొగ్గును తగ్గించక తప్పదు. దాని స్థానంలోకి ఏది రావాలన్నదే చర్చ.

అణు విద్యుత్తు గొప్పతనం

న్యాయంగా మాట్లాడాలంటే దీని మంచి గుణాలు కూడా చెప్పాలి. యురేనియం పరమాణు కేంద్రకం విచ్ఛిత్తి చెందినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. బొగ్గు కేంద్రంలోనూ టర్బైన్ అదే. తేడా అంతా పొయ్యిలోనే. ఈ పొయ్యిలో పొగ ఉండదు. తవ్వకం నుంచి కూల్చివేత వరకు అన్నీ లెక్క వేసినా ఒక యూనిట్ అణు విద్యుత్తుకు సుమారు 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పడుతుందని, బొగ్గుకైతే 820 గ్రాములని వాతావరణ మార్పులపై అంతర్జాతీయ నిపుణుల సంఘం 2014 నివేదికలో మధ్యస్థ అంచనాగా ఇచ్చింది. గాలిమరలది కూడా 11 గ్రాములే.

ఇంకో గుణం నిలకడ. ఎండ లేకపోయినా, గాలి వీచకపోయినా రియాక్టర్ నడుస్తూనే ఉంటుంది. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు 31న ఆపేనాటికి 962 రోజులు ఆగకుండా నడిచి అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అది మన ఇంజినీర్లు నిర్మించుకున్న భారజల రియాక్టర్. దానికి కావలసిన ఇంధన కడ్డీలు తయారయ్యేది మన హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో. భారజలం చేసే కర్మాగారాల్లో ఒకటి మణుగూరులో ఉంది. తెలుగు నేల మీద కార్మికుల చెమట ఈ పరిశ్రమలో ఎంతో ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

ఫ్రాన్స్ 1970లలో చమురు సంక్షోభం తరువాత వరుసగా రియాక్టర్లు కట్టి, ఈనాడు తన కరెంటులో సుమారు మూడింట రెండు వంతులు అణువు నుంచే తీస్తోంది. జర్మనీ దానికి విరుద్ధంగా 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లను ఆపేసింది. బొగ్గు కేంద్రాలు ఇంకా నడుస్తుండగా బాగా నడుస్తున్న రియాక్టర్లను ముందుగా మూసివేయడం తెలివైన పని అని నేను అనుకోను. కట్టడానికైన డబ్బు ఎలాగూ ఖర్చయిపోయింది. భద్రత సరిగా ఉన్నంత కాలం వాటిని నడుపుకోవడమే మంచిది.

ఇంతవరకు అణువు పక్షమే. అయితే ఇల్లు అలకగానే పండగ అయిపోదు. ఇక ఖర్చు పుస్తకం తెరుద్దాం.

మొదటి ఖాతా: డబ్బు

అణు కేంద్రంలో ఇంధనం ఖర్చు తక్కువ, కట్టడం ఖర్చు ఎక్కువ. కట్టడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ, కరెంటు పుట్టకముందే పెరుగుతుంటుంది. చిన్న లెక్క వేసి చూడండి. 10,000 కోట్లు 8 శాతం చక్రవడ్డీకి తెచ్చారనుకుందాం. అయిదేళ్ళలో కేంద్రం పూర్తయితే అప్పు సుమారు 14,700 కోట్లు అవుతుంది. పదేళ్ళు పడితే సుమారు 21,600 కోట్లు అవుతుంది. ఒక్క ఇటుక అదనంగా పేర్చకుండానే ఖర్చు రెట్టింపు దాటింది! అందుకే అణు విద్యుత్తులో ఆలస్యం అంటే డబ్బే.

ఇది ఊహ కాదనడానికి కొన్ని ఉదాహరణలు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగుల్ కేంద్రంలో రెండు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు కట్టారు. మొదటి అంచనా సుమారు 1,400 కోట్ల డాలర్లు. ఏడేళ్ళ ఆలస్యంతో 2023 జూలైలో ఒకటి, 2024 ఏప్రిల్‌లో రెండోది పూర్తయ్యే నాటికి ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. పక్కనే ఉన్న దక్షిణ కరోలినా రాష్ట్రంలో అదే రకం రియాక్టర్లు రెండు మొదలుపెట్టి, సుమారు 900 కోట్ల డాలర్లు పోసిన తరువాత 2017 జూలైలో చేతులెత్తేశారు. ఒక్క యూనిట్ కరెంటు రాకపోయినా ఆ భారం బిల్లుల్లో జనం మీద పడింది. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. ఫ్రాన్స్‌లో ఫ్లామన్‌విల్ రియాక్టర్ 2007లో 330 కోట్ల యూరోల అంచనాతో మొదలై, 2024 డిసెంబరులో గ్రిడ్‌కు కలిసేనాటికి 1,320 కోట్ల యూరోలైంది. వరుసగా రియాక్టర్లు కట్టిన ఫ్రాన్స్‌కే ఆ గతి పట్టింది.

కొవ్వాడకు అనుకున్నది వోగుల్ రకమే. వోగుల్ రెండు యూనిట్లు కలిపి సుమారు 2,230 మెగావాట్లు. 3,000 కోట్ల డాలర్లను డాలరుకు 85 రూపాయల చొప్పున మార్చి భాగిస్తే మెగావాట్‌కు 114 కోట్ల రూపాయలు దాటుతుంది. మన దగ్గర కూలి రేట్లు తక్కువ, అంత పడదు అంటారు. సరే, సగమే వేసుకుందాం. 57 కోట్ల చొప్పున 7,248 మెగావాట్లకు 4 లక్షల 13 వేల కోట్ల రూపాయలు. 2025–26లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3 లక్షల 22 వేల కోట్లు. మన హాస్టళ్ళ మెస్ ఛార్జీలు, ఉపాధ్యాయుల జీతాలు, రోడ్లు, ఆసుపత్రులు, పింఛన్లు అన్నీ ఆ 3.22 లక్షల కోట్లలోనే. పోలిక ఎందుకు పెట్టానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మన సొంత రియాక్టర్ల లెక్క వేరు. 2017లో కేంద్ర మంత్రివర్గం 700 మెగావాట్ల స్వదేశీ భారజల రియాక్టర్లు పదింటికి ఒకేసారి అనుమతి ఇచ్చింది. అంచనా 1,05,000 కోట్లు. అంటే మెగావాట్‌కు 15 కోట్లు. సౌర విద్యుత్తుకు మెగావాట్‌కు సుమారు నాలుగైదు కోట్లు పడుతుంది. అయితే సూర్యుడు రోజంతా ఉండడు కనుక, ఒక మెగావాట్ అణు కేంద్రం ఏడాదిలో ఇచ్చే కరెంటు రావాలంటే సుమారు నాలుగు మెగావాట్ల సోలార్ పలకలు కావాలి. అప్పుడు అది కూడా 16 నుంచి 20 కోట్లు అవుతుంది. కాబట్టి కాగితం మీద స్వదేశీ రియాక్టర్, సోలార్ దాదాపు సమఉజ్జీలు. ఈ సంగతి సోలార్ అభిమానులు ఒప్పుకోవాలి. విదేశీ రియాక్టర్ మాత్రం ఆ పక్కన నిలబడలేదు. ఈ సంగతి అణు అభిమానులు ఒప్పుకోవాలి.

రెండో ఖాతా: కాలం

కాగితం మీద సమఉజ్జీలే. కానీ క్యాలెండర్ దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. 2017లో అనుమతి వచ్చిన ఆ పది రియాక్టర్లలో ఒక్కటీ 2025 చివరికి కూడా కరెంటు ఇవ్వలేదు. వాటిలో నాలుగింటికి రాజస్థాన్‌లోని మాహీ బాంస్వాడాలో శంకుస్థాపన జరిగింది 2025 సెప్టెంబరులో. కూడంకుళానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1988లో. మధ్యలో ఆ దేశమే లేకుండా పోయింది. నిర్మాణం 2002లో మొదలై, మొదటి యూనిట్ గ్రిడ్‌కు కలిసింది 2013 అక్టోబరులో. కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ 2004లో మొదలైంది, 2010కి పూర్తి కావాలన్నారు. కోర్ లోడింగ్ ఆరంభమైంది 2024 మార్చిలో.

అదే కాలంలో ఏం జరిగిందో చూడండి. కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017కల్లా సిద్ధమైంది. సౌర విద్యుత్తు ధర 2017 మేలో రాజస్థాన్ భడ్లా వేలంలో యూనిట్ 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలకు చేరింది.

అయితే రాత్రి సంగతేమిటని అడుగుతారు. మంచి ప్రశ్న. సాయంత్రం ఏడు గంటలకు సూర్యుడు ఉండడు, మన స్టడీ అవర్ ఉంటుంది. దీనికి జవాబు తెలుగు నేల మీదే ఉంది. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు రెండు వైపులా పనిచేస్తాయి. నీరు కిందికి వస్తే కరెంటు తయారవుతుంది. కరెంటు మిగిలినప్పుడు అవే యంత్రాలు నీటిని తిరిగి పైకి ఎత్తిపోస్తాయి. నాగార్జునసాగర్‌లోనూ అలాంటి యూనిట్లు ఏడు ఉన్నాయి. పగటి ఎండను నీటి రూపంలో దాచుకుని రాత్రి వాడుకోవడం అన్నమాట. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర చేపట్టిన పథకం కూడా ఈ సూత్రం మీదనే. బ్యాటరీల ధరలు కూడా పడిపోతున్నాయి. వ్యవసాయ మోటార్లకు పగటి పూట కరెంటు ఇస్తే రాత్రి భారం తగ్గుతుంది. ఇన్ని చేసినా, వానాకాలంలో వరుసగా పది రోజులు మబ్బు పట్టి గాలి పడిపోతే ఏం చేయాలన్న చిక్కు మిగులుతుంది. అణు విద్యుత్తుకు నిజమైన పాత్ర అక్కడే ఉంది. మొత్తం బండి లాగే ఎద్దుగా కాక, బండి ఆగకుండా పట్టుకునే చీలగా దాన్ని చూడాలి.

మూడో ఖాతా: మనుషులు

ఎద్దు పుండు కాకికి నొప్పా? అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కరెంటు లైను ఎటు పోతుందో, నొప్పి అటు పోదు.

యురేనియం తవ్వకంతో మొదలుపెడదాం. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2007లో శంకుస్థాపన జరిగిన గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాల చెరువు వల్ల తమ బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. సంస్థ కాదంటోంది. నల్లమలలో యురేనియం అన్వేషణకు కేంద్రం అడుగు వేసినప్పుడు చెంచులతో పాటు రాష్ట్రమంతా గళమెత్తింది. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. గనులు ఎక్కడైనా పేదవాడి ఇంటి కిందనే దొరుకుతాయి కాబోలు!

ఇక రియాక్టర్ పెట్టే చోటు. సముద్రపు నీటితో చల్లబరిచే కేంద్రం తీరం వెంటే ఉండాలి. తీరం వెంట ఉండేది మత్స్యకారులు. భూమికి పట్టా ఉంటుంది, పరిహారం లెక్క కట్టవచ్చు. సముద్రానికి పట్టా ఏది? వల వేసే చోటు పోతే ఎకరాకు ఎంత అని ఇస్తారు? అణు కేంద్రంలో పుట్టే వేడిలో మూడింట ఒక వంతే కరెంటు అవుతుంది. కొవ్వాడలో అనుకున్న ఆరు రియాక్టర్లూ పూర్తిగా నడిస్తే మిగిలిన సుమారు 13,000 మెగావాట్ల వేడి ఎక్కడికో ఒక చోటికి పోవాలి. సముద్రంలోకే వదిలితే చేపలు ఏమవుతాయో చెప్పాల్సిన బాధ్యత కేంద్రం కట్టేవారిది, చేపలు పట్టేవారిది కాదు.

ప్రమాదం సంగతి భయపెట్టకుండా చెబుతాను. రియాక్టర్‌ను ఆపేసిన వెంటనే అది చల్లబడదు. ఆపిన క్షణంలో కూడా అసలు వేడిలో ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. దాన్ని చల్లబరచడానికి నీరు తిరుగుతూ ఉండాలి. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపానికి బయటి కరెంటు పోయింది, సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగాయి, నీరు తిరగడం ఆగింది, మూడు రియాక్టర్ల గర్భాలు కరిగాయి. రేడియేషన్ వల్ల చనిపోయినట్టు ప్రభుత్వం అంగీకరించినది ఒక్కరినే. కానీ లక్షన్నర మందికి పైగా ఇళ్ళు వదిలి వెళ్ళారు. ఆ తరలింపు కష్టాల్లో రెండు వేల మందికి పైగా, ఎక్కువగా వృద్ధులు, చనిపోయారు. కొవ్వాడకు అనుకున్న రకం రియాక్టర్ బయటి కరెంటు లేకపోయినా 72 గంటలు తనంతట తాను చల్లబడేలా రూపొందించారని చెబుతారు. మంచిదే. తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో ఎన్నో ఊళ్ళకు మూడు రోజుల్లో కరెంటు రాలేదు, రోడ్లు కూడా తెరుచుకోలేదు. ఆ లెక్క కూడా వేసి చూపించమని అడిగే హక్కు మనకుంది.

చివరిగా నష్టపరిహారం. ఫుకుషిమా బాధితులకు అక్కడి కంపెనీ చెల్లించిన పరిహారం 10 లక్షల కోట్ల యెన్‌లు దాటింది. మన లెక్కలో 5 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. మన దేశంలో 2010 నాటి చట్టం ప్రమాదం జరిగితే కేంద్రం నడిపే సంస్థ బాధ్యతను 1,500 కోట్లకు పరిమితం చేసింది. అయితే నాసిరకం సరుకు ఇచ్చిన సరఫరాదారు మీదికి వెళ్ళే అవకాశం ఉంచింది. భోపాల్ మనకు నేర్పిన పాఠం అది. వేల ప్రాణాలు పోయిన ఆ 1984 ప్రమాదానికి 1989లో 47 కోట్ల డాలర్లతో సరిపెట్టారు. 2025 కొత్త చట్టం ఆ 2010 చట్టాన్ని రద్దు చేసింది. పెద్ద రియాక్టర్లకు నడిపేవారి బాధ్యత 3,000 కోట్ల వరకు పెంచింది. కానీ ఒప్పందంలో రాసుకుంటేనో, ఎవరైనా కావాలని హాని చేస్తేనో తప్ప సరఫరాదారును పట్టుకునే వీలు లేకుండా చేసింది. నా అభ్యంతరం ఇక్కడే. అణు రియాక్టర్ అంత భద్రమైనదే అయితే, దాన్ని అమ్మేవాడు పూచీ ఇవ్వడానికి ఎందుకు వెనకాడాలి? సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నా నాలుగు రోజులు పూచీ అడుగుతాం కదా!

సోలార్ కూడా ఈ ఖాతాలో పూర్తిగా పవిత్రమేమీ కాదు. కర్నూలు పార్కు వెయ్యి మెగావాట్లకు సుమారు ఆరు వేల ఎకరాలు పట్టింది. భూ సంస్కరణల పేరుతో మనవాళ్ళకు పంచిన అసైన్డ్ భూములు ఇలాంటి పార్కులకు పోయిన సందర్భాలు ఉన్నాయి. 'గ్రీన్' అని పేరు పెట్టినంత మాత్రాన లాక్కున్న భూమి లాక్కున్నది కాకుండా పోదు. కాకపోతే సోలార్‌ను ప్రభుత్వ భవనాల కప్పుల మీద, కాలువల మీద, మన హాస్టల్ డాబా మీద కూడా పెట్టవచ్చు. రియాక్టర్‌కు ఆ వెసులుబాటు లేదు.

మరి ఏం చేయాలి?

విమర్శ చేసినవాడు దారి కూడా చెప్పాలి కాబట్టి నా అభిప్రాయం చెబుతున్నాను.

ఒకటి: ఇప్పుడు నడుస్తున్న రియాక్టర్లను భద్రత చూసుకుంటూ నడపాలి. మధ్యలో ఉన్న స్వదేశీ 700 మెగావాట్ల రియాక్టర్లను పూర్తి చేయాలి. వాటి విద్య మన చేతిలో ఉంది, ఖర్చు అదుపులో ఉంచుకునే వీలుంది.

రెండు: కొవ్వాడకు విదేశీ రియాక్టర్లు కొనే ముందు యూనిట్ ధర ఎంతో, ఆలస్యమైతే అదనపు భారం ఎవరిదో బహిరంగంగా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ ప్రతిపాదన మానుకోవాలి. ఏళ్ళ తరబడి భూమి మీద కత్తి వేలాడదీస్తే ఆ రైతు బోరు వెయ్యలేడు, ఆ మత్స్యకారుడు ఇల్లు కట్టుకోలేడు. కేంద్రం రాకముందే వాళ్ళు నష్టపోతున్నారు.

మూడు: సరఫరాదారు బాధ్యతను చట్టంలోకి తిరిగి తేవాలి.

నాలుగు: ముందు డబ్బు సౌర, పవన విద్యుత్తుకు, నీటి ఎత్తిపోత నిల్వకు, పాత లైన్లు బాగు చేయడానికి పోవాలి. భూమి ఇచ్చినవారికి ఒకసారి పరిహారంతో చేతులు దులుపుకోకుండా ఏటా కౌలు, ఆదాయంలో వాటా ఇవ్వాలి.

మిత్రులారా! అణువు దేవుడూ కాదు, దయ్యమూ కాదు. అది ఒక ఖరీదైన యంత్రం. ఖరీదైన వస్తువు కొనే ముందు పేదవాడు పదిసార్లు ఆలోచిస్తాడు, పది దుకాణాలు తిరుగుతాడు. పేదలున్న దేశం కూడా అలాగే చేయాలి. మనలో రేపు కొందరు ఇంజినీర్లు అవుతారు. అణు ఇంధన సముదాయంలోనో, ట్రాన్స్‌కోలోనో ఉద్యోగం చేస్తారు. ఒకరిద్దరు కలెక్టర్లు కావాలని నా కోరిక. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మెగావాట్ల లెక్కతో పాటు మనుషుల లెక్క కూడా ఫైలులో రాయండి. చౌకగా ఉందా, సమృద్ధిగా ఉందా, నష్టం ఎవరికి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరికాకే సంతకం పెట్టండి.

జై భీమ్!

– బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి